‘ఎందుకులే’ మీద అడవులదీవి ప్రణాళిక

మా పెద్దమ్మకు డెబ్భై ఒక్క ఏళ్ళు. రేపల్లె నుంచి తెనాలికి రైల్లో ఎన్నిసార్లు వెళ్ళొచ్చిందో ఆమెకే లెక్క తెలియదు. పెళ్ళి బట్టలకు తెనాలి, కూతురి కాన్పుకు తెనాలి, కంటి శుక్లానికి తెనాలి, పెదనాన్న చివరి రోజుల్లో వారానికి రెండుసార్లు తెనాలి. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ రైలు భట్టిప్రోలులో ఆగేది. యాభై ఏళ్ళలో ఒక్కసారీ ఆమె అక్కడ దిగలేదు. దిగే పనేముంది? చుట్టాలు లేరు, తెలిసిన డాక్టరు లేడు, బట్టల కొట్టు కోసమైతే తెనాలి ఉండనే ఉంది.

మొన్న మాఘమాసంలో దిగింది. తెనాలి నుంచి తిరిగొస్తున్నాం, పక్కన నేనున్నాను. “ఇక్కడ దిగుదామా పెద్దమ్మా?” అన్నాను. “ఎందుకే?” అంది. “ఊరికే” అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, సీటు కింద చెప్పులు వెతుక్కుంది.

స్తూపం దగ్గరకు వెళ్ళాం. పాత ఇటుకల దిబ్బ, చుట్టూ గడ్డి. 1892లో అలెగ్జాండర్ రీ అనే దొర అక్కడ తవ్వించితే రాతి భరిణెలు మూడు బయటపడ్డాయని, వాటి మీద చెక్కిన అక్షరాలు క్రీస్తుకు పూర్వం నాటివని, తెలుగు లిపి పూర్వీకుల్లో వాటినీ లెక్కేస్తారని నాకు తెలిసిన నాలుగు ముక్కలూ చెప్పాను. పెద్దమ్మ ఒక ఇటుక మీద చెయ్యి ఆనించి కూర్చుంది. ఆమె అక్షరాలు దిద్దింది యాభై దాటాక, డ్వాక్రా పొదుపు పుస్తకంలో సంతకం పెట్టడానికి. “ఇంత దగ్గర్లో పుట్టి, నా దాకా రావడానికి ఇన్నేళ్ళు పట్టిందా” అంది. అక్షరాలను అంటోందని నాకు వెంటనే తట్టలేదు.

అది అక్కడితో ఆగి ఉంటే ఈ కాగితం రాయాల్సిన పని పడేది కాదు. మరుసటి వారం పెద్దమ్మ పక్కింటి వదినను వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళింది. ఆ పై వారం ముగ్గుర్ని తీసుకెళ్ళింది. నేను చెప్పిన నాలుగు ముక్కలకు సొంతంగా ఇంకో రెండు చేర్చి చెబుతోందని తెలిసింది. ఇప్పుడు మా వీధిలో భట్టిప్రోలు దిబ్బ చూడనివాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆమె లెక్కపెడుతోంది కూడా.

మా ఊరు అడవులదీవి. మేము పదకొండు మందిమి ఈ కాగితం మీద సంతకాలు పెడుతున్నాం. మాలో రొయ్యల చెరువు కాపలా మనిషి ఉన్నాడు, కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడ ఉంది, రిటైరైన మాస్టారు ఒకరు, డిగ్రీ మధ్యలో ఆపేసిన కుర్రాడొకడు, వేట మానేసి ఆటో నడుపుతున్న బాబాయి ఒకరు. ఒక సంతకం వేలిముద్ర. వచ్చే ఏడాదికి అది అక్షరాల్లోకి మారాలన్నది ఆ వేలి సొంతదారు పెట్టుకున్న షరతు, మేము పెట్టింది కాదు.

మేము చేస్తున్నదానికి ఉద్యమం అనే మాట పెద్దదని మాకూ తెలుసు. మా చుట్టుపక్కల దానికి బరువు మరీ ఎక్కువ. మొదటి ఆంధ్ర మహాసభ 1913లో జరిగింది బాపట్లలోనే. 1921లో చీరాల, పేరాల జనం పన్ను కట్టం పొమ్మని ఇళ్ళు వదిలేసి ఊరవతల పాకలు వేసుకున్నారు. ఆ వరసలో నిలబడే అర్హత మాకు లేదు. మేము ప్రభుత్వాన్ని ఏమీ అడగడం లేదు, ఎవరి మీదా అర్జీ పెట్టడం లేదు. మేము ఎదిరించేది ఒకే ఒక్క మాటను.

ఆ మాట ‘ఎందుకులే’.

దానికి వేషాలు చాలా ఉన్నాయి. ఈ వయసులో ఎందుకులే. ఆడపిల్లవి, నీకెందుకులే. మనలాంటి వాళ్ళకెందుకులే. ఇప్పుడెందుకులే, చెరువు పట్టాక చూద్దాంలే. నలుగురూ నవ్వుతారు, ఎందుకులే. అన్నిటికన్నా మెత్తనిది, అన్నిటికన్నా గట్టిది, ‘చూసి మాత్రం ఏం చేస్తాం, ఎందుకులే.’ ఈ మాట ఎవరూ కోపంగా అనరు. ప్రేమగానే అంటారు, సలహాలాగా అంటారు, చాలాసార్లు మనకు మనమే అనుకుంటాం. అందుకే దాన్ని పట్టుకోవడం కష్టం.

దీన్ని సోమరితనం అనేవాళ్ళతో మేము ఏకీభవించం. మా సముద్రపొడ్డు మనుషులు కష్టపడి సంపాదించుకున్న మాట ఇది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు కృష్ణకు అవతలి ఒడ్డున దివిసీమ, ఇవతలి ఒడ్డున మనం. ఆ రాత్రి సంగతి ఇంట్లో పెద్దవాళ్ళను అడిగితే మొదట కాసేపు మాట్లాడరు. ఆ తర్వాత టైగర్ రొయ్య వచ్చింది. వరి చేలు తవ్వి చెరువులు చేసుకున్నారు. రెండు మూడు పంటలు ఇళ్ళలో డబ్బు కనబడింది. 1990ల నడుమ తెల్లమచ్చల వైరస్ వచ్చి చెరువులకు చెరువులే తుడిచిపెట్టుకుపోయాయి. అమ్ముకున్న బంగారం మళ్ళీ మెడలోకి రాని ఇళ్ళు మాకు తెలుసు. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చింది, మళ్ళీ ఆశ, మళ్ళీ మేత ధర, కరెంటు బిల్లు, రేటు పడిపోవడం. మా వాళ్ళకు కొత్త అనేది ఇలా తలుపు తోసుకుని లోపలికి వచ్చేదే. అలాంటి చోట ఎవరైనా ‘కొత్తగా ఏదైనా చేద్దామా’ అంటే గుండె దడదడలాడడంలో వింతేముంది?

మా వాదన ఇంతే. మన మీదికి వచ్చే కొత్త వేరు, మనం నడిచి వెళ్ళే కొత్త వేరు. మొదటిది మనల్ని అడగదు. రెండోదాన్ని మనం అడగాలి. మొదటిదాని భయంతో రెండోదాన్నీ వదిలేసుకున్నాం. తుపాను మన చేతిలో లేదు, రొయ్య రేటు మన చేతిలో లేదు. భట్టిప్రోలులో రైలు దిగడం మాత్రం మన చేతిలోనే ఉంది కదా. దిగితే పోయేది తర్వాతి బండి దాకా కొంత సమయం. నచ్చకపోతే మళ్ళీ ఎక్కేయొచ్చు. ఈ చిన్న కొత్తలో మనిషికి దొరికే సంతోషాన్ని పిల్లల సరదా అని కొట్టిపారేస్తుంటారు. పిల్లలకు రోజు ఎందుకంత పొడుగ్గా ఉంటుందో ఎప్పుడైనా గమనించారా? రోజుకు పది మొదటిసార్లు వాళ్ళకు. పెద్దవాళ్ళకు సంక్రాంతి పోయిన తెల్లారే ఉగాది వచ్చినట్టుంటుంది.

ఈ సంగతి మీద ఒక పరిశోధన ఉందని మా డిగ్రీ కుర్రాడు వెతికి పట్టుకొచ్చాడు. 2020లో ‘నేచర్ న్యూరోసైన్స్’ పత్రికలో వచ్చింది. న్యూయార్క్, మయామీ నగరాల్లో కొంతమంది ఫోన్లలో జీపీఎస్ పెట్టుకుని నెలల తరబడి తిరిగారు, మనసు ఎలా ఉందో అడిగినప్పుడల్లా చెప్పారు. ఎక్కువ రకాల చోట్లకు వెళ్ళిన రోజుల్లో మనసు బాగున్నట్టు తేలింది. బాబాయి విని, “అయితే ఆటో వాడికి రోజూ పండగే కావాలిగా” అన్నాడు. రోజూ అదే స్టాండు నుంచి అదే రేపల్లెకు తిప్పేవాడికి అది ఎలా వర్తిస్తుందని కుర్రాడు అడిగాడు. బాబాయి దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రమే సంతకం పెట్టాడు.

మాకు ముందు మన నేల మీదే ఈ పని చేసినవాళ్ళున్నారు. వాళ్ళను తల్చుకోకుండా ఈ కాగితం ముందుకు కదలదు. పెదపాలెం మనిషి పాతూరి నాగభూషణం గారు 1935 అక్టోబరులో కాలువ పడవల్లో గ్రంథాలయం మొదలుపెట్టారు. పెదవడ్లపూడికీ కొల్లూరుకూ మధ్య బ్యాంకు కాలువలో జనాన్ని ఎక్కించుకుని తిరిగే పడవలవి. (కోహినూరు కొల్లూరు కాదు, మన కొల్లూరు.) పడవ ప్రయాణం అంటే తెలిసిందే, గట్టు మీద నడిచేవాడు మన పడవను దాటిపోతుంటాడు. కూర్చున్నవాళ్ళకు చెయ్యడానికి ఏమీ ఉండదు, గట్టున తుమ్మచెట్లు లెక్కపెట్టుకోవడం తప్ప. ఆ చేతుల్లో ఆయన పుస్తకం పెట్టించారు.

ఈ పనిలో మాకు నచ్చింది పుస్తకం ఒక్కటే కాదు. ‘చదువుకోవాలనుకుంటే గ్రంథాలయానికి రండి’ అని ఆయన బోర్డు పెట్టి కూర్చోలేదు. జనం అప్పటికే ఎక్కి కూర్చున్న పడవలోకి పుస్తకాన్ని ఎక్కించారు. ప్రయాణం మార్చమనలేదు, పని మానుకోమనలేదు. రోజూ వెళ్ళే దారిలోనే ఒక కొత్త చేతికి తగిలేలా చేశారు. చదువు రానివాళ్ళకు పక్కవాడు చదివి వినిపించే ఉంటాడు. ఇది మా ఊహే అనుకోండి, కానీ పడవలో ఒకడు పుస్తకం తెరిచాక పక్కవాడు ఊరుకుంటాడంటే మేము నమ్మం. మనది అలాంటి జాతి కాదు.

ఆ పడవకు వెనక పెద్ద కథే ఉంది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన గ్రంథాలయాల వాళ్ళంతా మొదటిసారి సభ చేసుకున్నారు. అయ్యంకి వెంకటరమణయ్య గారి లాంటి వాళ్ళు ఊరూరా తిరిగారు. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనానికి 1929లో గాంధీ గారు కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. ఇప్పుడు అదీ మన బాపట్ల జిల్లాలోదే. మా పదకొండు మందిలో అక్కడికి వెళ్ళినవాళ్ళు ఎంతమంది అని లెక్కేస్తే, మాస్టారు ఒక్కరే చెయ్యెత్తారు. ఆయన కూడా లోపలికి వెళ్ళలేదట, రోడ్డు మీంచి చూశారట.

ఇంతకన్నా సిగ్గుపడాల్సిన లెక్క ఇంకోటుంది. మా మండల కేంద్రం నిజాంపట్నానికి 1606లో డచ్చివాళ్ళు వచ్చి దుకాణం పెట్టారు. 1611లో ‘గ్లోబ్’ అనే ఓడలో ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. అప్పట్లో వాళ్ళు దీన్ని పెటపోలి అనేవారు. చిరివేరుతో ఎర్రగా అద్దిన ఇక్కడి బట్టల కోసం భూగోళం చుట్టుకుని వచ్చారు. వాళ్ళు ఎందుకొచ్చారో, తర్వాత ఏం చేశారో తెలియనిది కాదు, వాళ్ళను పొగడడానికి ఈ మాట ఎత్తలేదు. లండన్ వాడికి దొరికిన నిజాంపట్నం అడవులదీవి వాడికి దొరకలేదే అన్నదే మా బాధ. మాలో హార్బరు దగ్గర తెల్లవారుజామున పడవలు తిరిగొచ్చే వేళ నిలబడి చూసినవాళ్ళు నలుగురు. చేప కొనడానికి వెళ్ళినవాళ్ళు మాత్రం అందరూ.

ఇక మేము చేయబోయేది.

వారానికి ఒక్క కొత్త. అంతకన్నా ఎక్కువ వద్దు, పనులుంటాయి. అది చూడడం కావచ్చు, తినడం కావచ్చు, నేర్చుకోవడం కావచ్చు, ఒక మనిషితో మొదటిసారి మాట్లాడడం కావచ్చు. దగ్గరి రైలు టికెట్టు కాక, రేపల్లె వెళ్ళొచ్చే షేర్ ఆటో చార్జీ కన్నా ఎక్కువ ఖర్చు పెట్టిస్తే దాన్ని మా లెక్కలో వేసుకోం. డబ్బున్నవాళ్ళు ఊటీ వెళ్తే మాకు అభ్యంతరం లేదు, దానికి మా ఉద్యమం అక్కర్లేదు. ఊరూ దేశమూ తిరిగొచ్చిన పిల్లలు మనకు ఫోన్లో చూపించే కొండలూ జలపాతాలూ ఇప్పటికే చాలా ఉన్నాయి. వాటిని చూస్తూ చూస్తూ, గడప దాటితే ఏమీ లేదన్న నమ్మకం మనలో బలపడింది.

రెండో షరతు దీనికన్నా ముఖ్యం. ఒంటరిగా వెళ్ళి చూసొచ్చింది సగం లెక్కే. దాన్ని ఎప్పుడూ చూడని ఒకరిని వెంట తీసుకెళ్ళినప్పుడే లెక్క పూర్తవుతుంది. పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నది ఇదే. నాతో వెళ్ళినప్పుడు ఆమె కూర్చుని చూసింది. పక్కింటి వదినతో వెళ్ళినప్పుడు నిలబడి చూపించింది. రెండోసారి వెళ్ళొచ్చిన రోజున ముఖంలో ఉన్న వెలుగు మొదటి రోజున లేదు.

పిలవడంలో కూడా మర్యాద ఉంది. ‘నువ్వూ ఎప్పుడైనా వెళ్ళిరా, బాగుంటుంది’ అనేది పిలుపు కాదు, అది మనం వెళ్ళొచ్చామని చెప్పుకోవడం. ‘గురువారం తొమ్మిదింటికి నేను వస్తా, పద’ అనేది పిలుపు. ఎదుటివాళ్ళు ‘ఎందుకులే’ అంటే ఒకసారి నవ్వి ఊరుకోవాలి, వారం తర్వాత ఇంకోసారి అడగాలి, మూడోసారి అడగకూడదు. బలవంతంగా తీసుకెళ్తే అది పెళ్ళికి తీసుకెళ్ళినట్టే అవుతుంది. వెళ్ళొచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చుని ఐదు నిమిషాలు చెప్పాలి. ఫోటోలు ఆ తర్వాత. ముందే ఫోటో చూపిస్తే వినేవాడికి వెళ్ళాలన్న ఆశ చచ్చిపోతుందని మా కుట్టుమిషను వదిన పట్టుబట్టి ఈ వాక్యం రాయించింది.

కాపలా అన్న సంగతి చెప్పాలి. రాత్రంతా చెరువు గట్టు మీదే ఉంటాడు. ఏరేటర్లు ఆగితే రొయ్యకు ఊపిరి ఆడదు, అందుకని చెవి ఆ చప్పుడు మీదే ఉంచాలి. కళ్ళకు మాత్రం పనిలేదు. పదిహేనేళ్ళుగా ఆ కళ్ళతో ఫోను చూశాడు. వేట మానేసిన బాబాయి ఒక రాత్రి వెళ్ళి పక్కన కూర్చుని, ఆకాశంలో వరసగా ఉన్న మూడు చుక్కలు చూపించి గొల్లకావడి అన్నాడు. ఇంకొంచెం పక్కగా గుంపుగా ఉన్నవి పిల్లలకోడి అన్నాడు. జీపీఎస్ లేని రోజుల్లో వేటకు వెళ్ళినవాళ్ళకు అవే గడియారం, అవే దారి. కాపలా అన్న ఇప్పుడు పక్క చెరువు వాళ్ళను పిలిచి చూపిస్తున్నాడు. పిల్లలకోడి ఎన్ని గంటలకు నెత్తి మీదికి వస్తుందో, అది నెలనెలా ఎలా ముందుకు జరుగుతుందో మేత లెక్కలు రాసే పుస్తకం వెనక పేజీలో రాసుకుంటున్నాడు. ఖర్చు, ఒక టీ.

పొరపాట్లు కూడా చెప్పుకోవాలి. రెండు నెలల కింద ఎనిమిది మందిమి, అడగాల్సిన వాళ్ళను అడిగి, ఒక చిన్న పడవలో మడ అడవి చూడడానికి బయల్దేరాం. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన మడ వేర్లు చూశాం. ఆ చెట్టు ఊపిరి తీసేది వాటితోనే. ఉప్పుపొన్న గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, కాడలా పొడుగ్గా వేలాడుతూ, సమయం వచ్చాక బురదలోకి రాలడం చూశాం. చూస్తూ పోటూ ఆటూ లెక్క మరిచిపోయాం. ఆటుకు నీళ్ళు వెనక్కి తీశాయి, పడవ బురదలో కూరుకుపోయింది. దిగితే మోకాళ్ళ దాకా బురద. రెండు గంటలు దోమల మధ్య ఒకరినొకరు తిట్టుకుంటూ కూర్చున్నాం. తప్పు పూర్తిగా మాదే, వేట తెలిసిన బాబాయిని తీసుకెళ్ళకుండా పోయాం. ఇప్పుడు అరుగు మీద అందరూ అడిగి మరీ చెప్పించుకునేది ఆ రెండు గంటల కథే.

ఇక్కడి దాకా చదివి, ఇదంతా తీరికగా ఉన్నవాళ్ళ వేడుకగా ఉందే అనుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తుచేస్తాం. 1990ల మొదట్లో అక్కడి ఆడవాళ్ళు రాత్రి బడికి వెళ్ళడం మొదలుపెట్టారు. పలక పట్టుకోవడం అనే చిన్న కొత్త. అక్షరాల కోసం ఒకచోట కూర్చున్నవాళ్ళు తమ ఊళ్ళో సారా సంగతి మాట్లాడుకున్నారు, సారా కొట్టు మూయించారు. అది జిల్లా దాటింది, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వమే సారాను నిషేధించాల్సి వచ్చింది. పలక పట్టుకున్న రోజున వాళ్ళకు కూడా ఎవరో ఒకరు ‘ఈ వయసులో ఎందుకులే’ అనే ఉంటారు.

ఇంకో మాట రాయాలా వద్దా అని చాలాసేపు వాదించుకున్నాం. రాయాలనే తేల్చుకున్నాం. కొత్త అందరికీ ఒకే ధరకు దొరకదు. తెనాలి పక్కన చుండూరులో 1991లో గొడవ రాజుకున్నది సినిమా హాల్లో కాలు తగిలిందన్న మాట దగ్గర. ఆ ఏడాది ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. నలుగురితో పాటు కూర్చుని సినిమా చూడడం, అంతకన్నా మామూలు సంతోషం ఏముంది? ఆ సంతోషానికి కూడా ఎవరు ఎక్కడ కూర్చోవాలో గీత గీసి పెట్టుకున్న ప్రాంతం మనది. మేము పుట్టి పెరిగిన ఊళ్ళోనే మేము అడుగుపెట్టని వీధులున్నాయి. చిన్నప్పటి నుంచి ఆ వీధి మొదట్లో నిలబడి పిలిచామే కానీ లోపలికి వెళ్ళలేదు. అటునుంచి ఇటు వచ్చినవాళ్ళు గుమ్మం బయటే నిలబడ్డారు. సముద్రం చూడడానికి ముందు ఈ దూరం నడవాలి. కాబట్టి వారం వారం చేసే కొత్తల్లో నెలకు ఒకటి తప్పనిసరిగా ఇది: ఎన్నడూ వెళ్ళని ఒక ఇంటికి వెళ్ళి, వాళ్ళు పెట్టింది తిని రావడం, తర్వాత వాళ్ళను మన ఇంటికి పిలిచి లోపల కూర్చోబెట్టి పెట్టడం. దీన్ని ఎవరూ ఫోటో తీయకూడదు. ఇది గొప్పగా చెప్పుకోవాల్సిన పని కాదు, ఎప్పుడో చేసి ఉండాల్సింది.

ఆడవాళ్ళ సంగతిలో మా దగ్గర ఒక లెక్క ఉంది. ఇంటి నుంచి రెండు గంటలు బయటికి రావాలంటే ముందు రోజు రాత్రి నుంచి సర్దుకోవాలి. పాలు, వంట, పిల్లలు, అత్తగారి మాత్రలు. మగవాళ్ళు చొక్కా వేసుకుని బయల్దేరతారు. అందుకని మగ సభ్యుల మొదటి కొత్త ఏదో మేమే నిర్ణయించాం: ఒక పూట వంట, తాలింపుతో సహా. రొయ్యల మేత లెక్క గ్రాముల్లో చెప్పగలిగినవాడు పప్పులో ఉప్పు ఎంతో చెప్పలేకపోవడం విచిత్రం. మాస్టారి మొదటి పప్పు ఎవరూ తినలేకపోయారు. రెండోది తిన్నాం. మాస్టారి భార్య ఆ రెండు పూటలూ సైకిలు నేర్చుకుంది. ఆమెకు అరవై మూడు. పంచాయతీ రోడ్డు మీద వెనక పట్టుకుని పరిగెత్తింది పదో తరగతి మనవరాలు.

ఏది కొత్త కాదో కూడా చెప్పాలి, లేకపోతే దీని పేరు చెప్పి ఎవరైనా ఏదైనా చేస్తారు. ఫోన్లో బెట్టింగు కొత్త కాదు, అది పాత పేకాటే. తాగి బండి నడపడం, ఈత రానివాడిని కాలువలోకి తోయడం, నలుగురిలో ఒకరిని నవ్వులపాలు చేయడం కొత్త కిందికి రావు. కొత్త వస్తువు కొనడం కూడా రాదు. దీని మీద కుర్రాడు గట్టిగా అడ్డు తిరిగాడు, కొత్త ఇయర్‌ఫోన్లు కొనుక్కుని వారం రోజులు ఆనందంగా ఉన్నానని. ఓటుకు పెడితే ఓడిపోయాడు. ఇయర్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి మాతో కలిసే ఉన్నాడు.

పేరు గురించి. మూడు సాయంత్రాలు చర్చించి, పేరు వద్దనుకున్నాం. పేరు పెడితే అధ్యక్షుడు కావాలి, అధ్యక్షుడు ఉంటే కార్యదర్శి, తర్వాత ఫ్లెక్సీ, ఫ్లెక్సీ మీద ఎవరి బొమ్మ పెద్దగా ఉండాలన్న తగాదా. చందా లేదు, రసీదు పుస్తకం లేదు. ఒక నోటు పుస్తకం మాత్రం ఉంది, కుట్టుమిషను సొరుగులో ఉంటుంది. ఎవరు ఏ తేదీన ఏది మొదటిసారి చేశారో, ఎవరిని తీసుకెళ్ళారో రెండు ముక్కల్లో రాస్తాం. రాయడం రానివాళ్ళు చెబితే పక్కవాళ్ళు రాస్తారు. ఆ పుస్తకంలో ఇప్పటికి నలభై మూడు పద్దులున్నాయి. వాటిలో పంతొమ్మిది ‘భట్టిప్రోలు, పెద్దమ్మతో’ అనే ఉన్నాయి.

వేరే ఊళ్ళవాళ్ళు ఇది మొదలుపెట్టాలంటే మా అనుమతి అడగక్కర్లేదు. తెనాలి వాళ్ళు ఆంధ్రా ప్యారిస్ అని చెప్పుకునే తమ ఊళ్ళో తాము చూడని వీధి ఏదో వెతుక్కోవచ్చు. బాపట్ల వాళ్ళు సూర్యలంకలో జనం లేని వేళ ఎలా ఉంటుందో వెళ్ళి చూడొచ్చు. చలికాలం చివర రాత్రిళ్ళు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికే వస్తాయి, అటవీ శాఖ వాళ్ళు గుడ్లను భద్రంగా పొదిగించి పిల్లలను సముద్రంలోకి వదులుతారు. ఎంతో దూరం ఈదుకుంటూ తాబేలు వచ్చి పోయే ఒడ్డుకు ఒక పూట బస్సులో వెళ్ళిరావడం మనకు బరువు కాకూడదు. రేపల్లె వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు, మీ స్టేషన్‌లోనే మేము బండెక్కేది, మీరూ ఎక్కండి.

అందరం కలిసి చేసే మొదటి కార్యక్రమం వచ్చే ఆదివారం. ఊళ్ళోంచి బాబాయి ఆటో పొద్దున్నే బయల్దేరుతుంది. ఆలస్యమైతే బాబాయి ఆగడు, వేటకు వెళ్ళిన అలవాటు ఇంకా పోలేదు. రేపల్లెలో తెనాలి బండెక్కి, అక్కడ చీరాల వైపు బండి మారి వేటపాలెంలో దిగుతాం. సారస్వత నికేతనం లోపలికి మాస్టారు ముందు నడుస్తారు, ఈసారి రోడ్డు మీంచి చూసి వచ్చేస్తే ఊరుకోం. టికెట్టు ఎవరిది వాళ్ళు తీసుకోవాలి. పులిహోర, మజ్జిగ మావి. ప్రతి ఒక్కరూ ఎన్నడూ అటు వెళ్ళని ఒకరిని వెంట తేవాలి. కిటికీ పక్క సీటు మాత్రం ఎవరూ అడగొద్దు. భట్టిప్రోలు వచ్చినప్పుడు దిబ్బ ఎటువైపో కొత్తవాళ్ళకు చూపించాలని పెద్దమ్మ అది ముందే ఖాయం చేసుకుంది.